మూడో బుట్ట

మట్టల ఆదివారం మేం ఊపుకుంటూ తిరిగిన తాటాకు
శనివారానికి ఎండి గరగరలాడేది.
మాయమ్మ దానిమీద నీళ్లు చిలకరించి
తడిగోనె కప్పి కాసేపు పడుకోబెట్టేది,
జొరమొచ్చిన పిల్లను పడుకోబెట్టినట్టు.

ఆకు మెత్తబడ్డాక
మూడు బుట్టలు అల్లేది.
ఇంట్లో పిల్లలం ఇద్దరం.

కొండపిలో పొగాకు గ్రేడింగుకి పోయొచ్చిన చేతులవి.
చింతపండుకీ సున్నిపిండికీ వదలని
నల్లటి జిగురు వేళ్లు
బుడ్డిదీపం ముందు
ఒక పాయ పైకి, ఒక పాయ కిందికి.

గుడ్లు దీనమ్మ పెద్దమ్మ దగ్గర
సోలెడు బియ్యానికి మూడు.
మా పెట్ట పొదుగుతుండేది,
దాని కింద చెయ్యి పెడితే ఊరుకోనని నాయన.
ఉల్లిపొట్టు వేసి ఉడికిస్తే ఎర్రమట్టి రంగొచ్చేది.
ఒకటి ఎప్పుడూ పగిలేది.
పగిలింది తనకే వస్తుందని
ఒనేసిం ముందే ఏడుపందుకునేవాడు.

గుడ్డు పక్కన వేరుశనగ అచ్చు ముక్క,
నోరు తెరుచుకున్న చీమచింతకాయలు రెండు,
ఉప్పూకారం పొట్లం,
చర్చిలో కానుకెయ్యను పావలా,
దాన్ని కొంగున కట్టుకుని మళ్లీ అమ్మే దాచేది.

ఓ ఏడు సండేస్కూలు టీచరు
ఒంగోలు నుంచి బొమ్మ తెచ్చి చూపించింది.
బుట్టనిండా రంగుగుడ్లు, నడిమధ్య చెవులపిల్లి.
'అదే తెస్తదంట నాయనా గుడ్లు' అంటే
నాయన నవ్వీ నవ్వీ పొలమారాడు.
ఆయనెరిగిన చెవులపిల్లి
వలలో పడేది, కూరలో ఉడికేది.
కందిచేలో అది గుడ్డు పెట్టగా
ఆయన తాత కూడా చూడలేదంట.

మూడో బుట్ట తబితక్కది.
చచ్చిపోయి లేచినామె పేరని
సీలయ్య పాస్టరుగారు ఏరి పెట్టిన పేరు.
ఎనిమిదో ఏట పోయింది, నాకప్పుడు మూడేళ్లు.
నాకు గుర్తున్నది జడకుచ్చులు మాత్రమే,
అవీ నిజంగా గుర్తున్నాయో, విన్నానో.

అక్క బుట్టలో ఏం పెట్టాలన్నది ఏటేటా తగువు.
'దానికి అచ్చు వొద్దు, పళ్లు పుచ్చుతయ్యి' అనేది అమ్మ.
'ఇంకా పళ్లేందే? పద్నాలుగొచ్చినయ్యి పిల్లకి,
గాజులు పెట్టు' అనేది నాయనమ్మ.
నాయనమ్మ లెక్కలో అక్క పెరిగేది.
అమ్మ లెక్కలో ఎనిమిది దగ్గరే ఆగేది.
ఇద్దరికీ కుదిరింది ఒక్కటే,
మార్కాపురం బలపం.
దొంగతనంగా కొరుక్కు తినేదంట అక్క.
అందుకు ఒకసారి వీపు వాచేట్టు కొట్టిందంట అమ్మ.
ఆ సంగతి చెప్పింది నాయనమ్మే,
అమ్మ నోటెంట నేనెప్పుడూ వినలేదు.

నాలుగ్గంటలకు చర్చి గంట.
కొవ్వొత్తులకి అరచెయ్యి అడ్డంపెట్టుకుని
సమాధుల తోటకి బారుగా నడిచేవాళ్లం.
కొత్త సున్నం వాసన, కాళ్లకి మంచు,
చిన్న దిబ్బ మీద చిన్న బుట్ట.
పెద్దోళ్లు కళ్లు మూసుకుని పాడుతుంటే
ఒనేసిం నేనూ కళ్లు తెరుచుకుని
దాన్నే చూసేవాళ్లం.
మా తర్వాత కాకులు.

ఆ ఏడు నాకు తొమ్మిది నిండినయ్యి.
అక్కకన్నా పెద్దదాన్నయ్యాను.
అదేం లెక్కో ఎవర్నడగాలో తెలీలేదు.
జనం చర్చివైపు తిరిగాక
వెనక్కి పరిగెత్తుకొచ్చి
అక్క సమాధి అంచుకే కొట్టి
అక్క గుడ్డు పగలగొట్టాను.

సగం పెంకు తీశానో లేదో
వెనకాల మాయమ్మ.
తిట్టలేదు, పక్కన చతికిలబడింది.
నా చేతిలోంచి తీసుకుని
మిగిలింది తనే వొలిచి, ఉప్పులో అద్ది
నా నోటికందించింది.
'తమ్ముడికి కాస్త ఉంచు' అంది, అంతే.

చేదు.
ఆమె వేళ్లలోని పొగాకు
పచ్చసొనదాకా ఎక్కినట్టుంది.
ఉంచకుండా మొత్తం తినేశాను.

ఇప్పుడు నెల్లూరు ట్రంకురోడ్డులో
తళుకు కాగితం చుట్టిన గుడ్లు దొరుకుతాయి.
నా కూతురు అవే కావాలంది, అవే కొన్నాను,
ప్లాస్టిక్ బుట్ట, పచ్చ కాగితపు గడ్డి,
చెవులపిల్లి కూడా, చాక్లెట్‌ది.
ఎందుకో అడుగున ఓ బలపం వేశాను.

'ఇదేందమ్మా?' అంది పైకి తీసి.
చెప్పేలోపే కొరికింది.